అచ్చు ఒకటైనంత మాత్రాన: రోమన్ నాణేల అచ్చుసామ్య అధ్యయనంపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రాచీన రోమన్ నాణేలలో ఒకే అచ్చు నుంచి వెలువడిన వాటిని గుర్తించి, వాటి ఆధారంగా టంకశాల పనితీరును, నాణేల వరుసను, మొత్తం ఉత్పత్తిని నిర్ధారించే పద్ధతిని అచ్చుసామ్య అధ్యయనం అంటున్నాం. ఈ పద్ధతి ఎక్కడ నిశ్చయాన్ని ఇస్తుంది, ఎక్కడ ఊహను అంకెల రూపంలో చూపుతుంది అన్నది ఈ వ్యాసంలో చర్చనీయాంశం. రెండవ డొమీషియానస్ నాణేలు, క్రెపూసియస్ దెనారియస్‌లు, అచ్చుకు ముప్పై వేల నాణేలన్న క్రాఫర్డ్ గుణకం, దానిపై బట్రీ ఆక్షేపణ ప్రధానంగా పరిశీలించబడ్డాయి. తెలుగునేలలో దొరికిన రోమన్ వెండి నాణేలకు ఈ పద్ధతి ఎంతవరకు వర్తిస్తుందన్నది చివర చర్చించబడింది.

కీలకపదాలు: నాణేశాస్త్రం, అచ్చుసామ్యం, టంకశాల, దెనారియస్, పాఠపరిష్కరణ, క్రాఫర్డ్, బట్రీ, అక్కనపల్లె.

1. ప్రవేశిక

ఇద్దరి పోలిక ఒకటేనని చెప్పవలసి వస్తే తెలుగులో 'అచ్చు గుద్దినట్లున్నారు' అంటాం. ఒకే అచ్చు నుంచి వచ్చినవి ఒకేలా ఉంటాయన్న నమ్మకం ఈ నుడికారానికి మూలం. రోమన్ నాణేల విషయంలో ఈ నమ్మకం రెండు వైపులా తప్పుతుంది. ఒకే అచ్చు కింద పడిన రెండు బిళ్ళలలో ఒకదానిపై చక్రవర్తి ముఖం నడిమధ్యన పడుతుంది, రెండవదానిపై సగం పక్కకు జారిపోతుంది. ఒకటి కొత్తగా ఉండగానే భూమిలో చేరుతుంది, మరొకటి యాభై ఏళ్ళు చేతులు మారి ముక్కూ చెవీ అరిగిపోతుంది. చూపులకు ఇవి రెండూ వేరు. మరోవైపు, వేర్వేరు అచ్చుల నుంచి వచ్చిన రెండు నాణేలు ఒకే రాతతో, ఒకే బొమ్మతో కవలల్లా కనిపిస్తాయి. అచ్చు గుద్దినట్లు కనిపించేవాటిలో నిజంగా ఒకే అచ్చువి ఏవో వేరుచేయడమే ఈ అధ్యయనంలో మొదటి పని.

ఇది సాధ్యం కావడానికి కారణం ఆనాటి పనితీరులో ఉంది. అచ్చులను ఒక్కొక్కటిగా చేత్తో చెక్కేవారు. బొమ్మ ఉన్న అచ్చును దాగలిలో బిగించేవారు. బొరుసు అచ్చు పనివాడి చేతిలోని ఉలివంటి కడ్డీ చివర ఉండేది. మధ్యలో వెండి బిళ్ళను ఉంచి పైనుంచి సుత్తితో కొట్టేవారు. చేతితో చెక్కిన ఏ రెండు అచ్చులలోనూ అక్షరాల మధ్య దూరం, ముక్కుకొన ఎదుట పడే అక్షరం, పూలదండ కొనల వంపు ఒకే విధంగా ఉండవు. అందువల్ల పరిశోధకుడు ముఖకవళికలను కాక, ముఖానికీ అక్షరాలకూ ఉన్న స్థానసంబంధాన్ని చూస్తాడు. అచ్చుపై పడిన పగులు మరింత నమ్మదగిన గుర్తు. అచ్చు పగిలిన చోట నాణెంపై సన్నని ఉబ్బుగీత పడుతుంది. అది చెక్కేవాడు ఉద్దేశించినది కాదు గనుక మరొక అచ్చులో అదే చోట, అదే వంకరతో రావడం దాదాపు అసంభవం. సుత్తిదెబ్బ నేరుగా తగిలేది బొరుసు అచ్చుకే కాబట్టి సాధారణంగా అదే ముందు పాడవుతుంది. ఒక బొమ్మ అచ్చుకు రెండు మూడు బొరుసు అచ్చులు జతపడటం అందుకే తరచు కనిపిస్తుంది.

ఈ పద్ధతిని శాస్త్రీయంగా వాడిన తొలి రచనలలో ఫ్రీడ్రిక్ ఇమ్‌హోఫ్-బ్లూమర్ 1878లో గ్రీకు ప్రాంతమైన అకర్నానియా నాణేలపై చేసినది ముఖ్యమైనది. రోమన్ నాణేలకు ఈ పద్ధతి విస్తృతంగా అన్వయింపబడింది ఇరవయ్యవ శతాబ్దంలోనే.

2. ఒక అచ్చుజత, ఒక చక్రవర్తి

అచ్చుసామ్యం ఎంత చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో చూపడానికి రెండవ డొమీషియానస్ ఉదంతాన్ని మించిన ఉదాహరణ లేదు. 1900లో ఫ్రాన్సులో నాంత్ నగర సమీపాన లే క్లెయోన్ అనే చోట దొరికిన నిధిలో ఒక నాణెంపై డొమీషియానస్ అన్న చక్రవర్తి పేరు కనిపించింది. క్రీ.శ. మొదటి శతాబ్దపు ప్రసిద్ధ డొమీషియన్ కాదు. నాణెం తీరు మూడవ శతాబ్దపు గాల్ సామ్రాజ్యానిది. సుమారు క్రీ.శ. 271 ప్రాంతంలో ఆ పేరున్నవాడు సింహాసనానికి ప్రయత్నించి ఉండవచ్చునన్న సూచన జోసిమస్ చరిత్రలో ఒక తిరుగుబాటుదారుడి పేరుగా మాత్రమే ఉంది. ఒకే ఒక్క నాణెం సాక్ష్యంపై ఒక చక్రవర్తిని చరిత్రలో చేర్చడానికి చాలామంది పండితులు ఒప్పుకోలేదు. ఆ నాణెం నకిలీ అన్న అభిప్రాయం శతాబ్దంపాటు నిలిచింది.

2003లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చాల్‌గ్రోవ్ వద్ద సుమారు 5000 నాణేలున్న కుండ ఒకటి బయటపడింది. నాణేలు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దగా ఉన్నాయి. వాటిని బ్రిటిష్ మ్యూజియంలో విడదీస్తుండగా డొమీషియానస్ పేరుతో రెండవ నాణెం కనిపించింది. దానిని లే క్లెయోన్ నాణెంతో పోల్చగా బొమ్మ, బొరుసు రెండూ ఒకే అచ్చుజతవని తేలింది.

ఈ వాదంలోని తర్కాన్ని కొంచెం నిదానంగా చూడాలి. ఎందుకంటే సాధారణంగా దీనిని 'రెండూ ఒకే అచ్చువి, కనుక నిజమైనవి' అని క్లుప్తీకరిస్తారు. ఆ వాక్యం తప్పు. దొంగనాణేలు కూడా ఒకే అచ్చు నుంచి వస్తాయి. పందొమ్మిదవ శతాబ్దారంభంలో కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ స్వయంగా అచ్చులు చెక్కి ప్రాచీన నాణేల నకళ్ళు తయారుచేశాడు. అవి పట్టుబడటానికి ముఖ్యమైన మార్గాలలో ఒకటి అవి ఒకే అచ్చువని తేలడమే. అంటే అచ్చుసామ్యం దోషిని పట్టిస్తుంది, నిర్దోషిని విడిపిస్తుంది. ఏది ఎప్పుడన్నది అచ్చు నిర్ణయించదు.

లే క్లెయోన్ నాణెంపై అనుమానం రెండు రకాలుగా ఉండే అవకాశం ఉంది. అసలైన వేరొక నాణెంపై అక్షరాలను తర్వాతి కాలంలో ఎవరైనా దిద్ది ఉండవచ్చు. లేదా బెకర్ వంటివాడు కొత్త అచ్చు చెక్కి ఉండవచ్చు. మొదటి అనుమానాన్ని అచ్చుసామ్యం తీర్చింది. చేత్తో దిద్దిన నాణేనికి మరెక్కడో జోడు దొరకదు. రెండవ అనుమానాన్ని తీర్చింది అచ్చు కాదు, కుండ. ప్రాచీనకాలం నుంచి ముద్దగా బిగుసుకున్న కుండలోకి ఆధునిక మోసగాడి నాణెం చేరే వీలు లేదు. కుండలో ఉన్న నిశ్చయాన్ని అచ్చుసామ్యం నాంత్‌లోని నాణేనికి బదిలీ చేసింది. బదిలీ చేయడానికి కుండ లేకపోతే ఆ సామ్యానికి విలువ తక్కువ.

ఇక ఈ రెండు నాణేలు చెప్పనిది కూడా గమనించాలి. ఆ చక్రవర్తి ఎన్ని వారాలు పాలించాడో, ఎన్ని నాణేలు వేయించాడో అవి చెప్పవు. ఒకే జత దొరికింది గనుక ఒకే జత ఉండేదని అనుకోవాలనిపిస్తుంది. తర్వాతి భాగంలో వివరించే గణితసూత్రాన్ని ఈ రెండు నాణేలకు వర్తింపజేస్తే మొత్తం ఉత్పత్తికి మూలమైన అచ్చులన్నిటినీ నూటికి నూరుపాళ్ళూ చూసేశామన్న ఫలితం వస్తుంది. రెండు నాణేలతో నూరుపాళ్ళు! మూడవ నాణెం వేరే అచ్చుతో దొరికితే ఆ నూరు ఒక్కసారిగా అరవై ఆరుకు పడిపోతుంది.

3. గొలుసు, గొలుసులోని చిక్కు

ఒక బొమ్మ అచ్చు రెండు బొరుసులతోనూ, ఆ రెండవ బొరుసు మరో బొమ్మతోనూ జతపడితే నాణేల మధ్య గొలుసు ఏర్పడుతుంది. ముక్తపదగ్రస్తంలో ఒక పాదం విడిచిన పదాన్ని తరువాతి పాదం అందుకున్నట్లు, ఒక జత విడిచిన అచ్చును తరువాతి జత అందుకుంటుంది. పద్యానికి మొదలు ఏదో మనకు తెలుసు. నాణేల గొలుసుకు ఏ కొస మొదలో గొలుసు చెప్పదు. అందుకు పగులు అక్కరకు వస్తుంది. ఒక అచ్చు పగుళ్ళు లేని స్థితిలో ఒక జతలోనూ, పగిలిన స్థితిలో మరో జతలోనూ కనిపిస్తే ముందు వెనుకలు తేలుతాయి.

తాళపత్ర ప్రతుల పాఠపరిష్కరణ బోధించేవారికి ఈ తర్కం పరిచితమే. రెండు ప్రతులలో సరైన పాఠం ఒకటే కావడం వాటి బంధుత్వాన్ని నిరూపించదు. ఒకే తప్పు, ఒకే చోట, ఒకే విధంగా ఉండటం నిరూపిస్తుంది. అచ్చు పగులు లేఖకదోషానికి సమానస్థానీయం. ఈ పోలికను చాలామంది ఇష్టపడతారు, ఈ వ్యాసరచయితతో సహా. అయితే ఒక చోట దానిని వదిలిపెట్టాలి. ప్రతి నుంచి ప్రతి పుడుతుంది. కొడుకు ప్రతిలో తండ్రి తప్పులతోపాటు కొత్త తప్పులు చేరతాయి. నాణెం నుంచి నాణెం పుట్టదు. ప్రతి నాణెమూ నేరుగా మాతృక నుంచే వస్తుంది. ప్రతుల పరిశోధకుడు పోయిన మాతృకను ఊహించి నిర్మిస్తాడు. నాణేల పరిశోధకుడికి మాతృక అచ్చంగా, అద్దంలోలా తిరగబడి, కళ్ళముందే ఉంటుంది. అతనికి తెలియనిది మాతృక పాఠం కాదు, మాతృకల సంఖ్య. పాఠపరిష్కర్తను సాధారణంగా బాధించని ప్రశ్న ఇది. నాణేశాస్త్రంలో వివాదమంతా దీనిచుట్టూనే తిరుగుతుంది.

క్రీ.పూ. 82లో పబ్లియస్ క్రెపూసియస్ అనే టంకశాల అధికారి వేయించిన దెనారియస్‌లు ఇక్కడ అపురూపమైన సాక్ష్యం. వీటి బొమ్మవైపు అపోలో శిరస్సు, బొరుసువైపు ఈటె ఎత్తిన ఆశ్వికుడు. బొమ్మ అచ్చులపై అక్షరాలు, చిన్న చిహ్నాలు, బొరుసు అచ్చులపై రోమన్ అంకెలు చెక్కారు. అంకెలు ఐదువందలు దాటుతాయి. అంకె అచ్చుకు గుర్తింపు సంఖ్య వంటిది. టంకశాల స్వయంగా తన అచ్చులను లెక్కపెట్టి మనకు అప్పగించిన అరుదైన సందర్భం ఇది.

అంకెల వరుసలో అచ్చులు వాడి ఉంటే ఒకటవ బొరుసు ఒకటవ బొమ్మతో, రెండవది రెండవదానితో నడిచి గొలుసు తిన్నగా సాగేది. అలా జరగలేదు. 1976లో థియొడోర్ బట్రీ ఈ నాణేల జతలను పరిశీలించి, ఒకే కాలంలో అనేక అచ్చులు పనిలో ఉండేవనీ, వాటిని మార్చి మార్చి జతపరిచేవారనీ చూపాడు. సాయంత్రం అచ్చులన్నిటినీ ఒక పెట్టెలో వేసి, మర్నాడు చేతికి అందినవి దాగళ్ళకు పంచినట్లయితే ఇలాంటి చిక్కుముడి ఏర్పడుతుంది. గొలుసు కాలక్రమాన్ని చెబుతుందన్న నమ్మకానికి ఇది గట్టి హెచ్చరిక. ఒకే దాగలి ఉన్న చిన్న టంకశాలలో గొలుసు కాలరేఖ కావచ్చు. పదిమంది ఒకేసారి కొడుతున్న రోమ్ నగర టంకశాలలో అది కాలరేఖ కాదు, పనిగది పటం. క్రెపూసియస్ నాణేలపై అంకెలు లేకపోయి ఉంటే ఈ గొలుసును మనం కాలక్రమంగానే చదివేవాళ్ళం. అంకెలు లేని ఇతర నాణేల గొలుసులను నేటికీ అలాగే చదువుతున్న వ్యాసాలు లేకపోలేదు.

పైగా, గుర్తులున్న ప్రతి రకంలోనూ ఒక గుర్తుకు ఒక అచ్చే ఉంటుందన్న భరోసా లేదు. కొన్ని రకాలలో ఒకే గుర్తు రెండు మూడు అచ్చులపై కనిపిస్తుంది.

4. చూడని అచ్చుల లెక్క

మనకు దొరికిన నాణేలలో కనిపించే అచ్చుల సంఖ్య తెలుస్తుంది. ఎన్నడూ కనిపించనివి ఎన్ని అన్నది అసలు ప్రశ్న. రెండవ ప్రపంచయుద్ధకాలంలో రహస్యలిపుల విచ్ఛేదనలో అలన్ ట్యూరింగ్‌కు తట్టిన ఆలోచనను ఐ. జె. గుడ్ 1953లో ప్రచురించాడు. ఒక్కొక్కసారి మాత్రమే కనిపించినవి ఎన్నో లెక్కపెడితే ఇంకా కనిపించనివాటి వాటా అంచనా వేయవచ్చునన్నది దాని సారం. వారెన్ ఎస్టీ ఈ రకపు గణితాన్ని నాణేలకు అన్వయించి వరుసగా వ్యాసాలు రాశాడు. జైల్స్ కార్టర్ క్రెపూసియస్ నాణేలపైనే తన సూత్రాన్ని పరీక్షించుకున్నాడు.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. 60 నాణేలు దొరికాయి. వాటిలో 40 వేర్వేరు బొమ్మ అచ్చులు కనిపించాయి. ఆ నలభైలో 25 అచ్చులకు ఒక్కొక్క నాణెమే ఉంది. గుడ్ సూత్రం ప్రకారం, మనం చూసిన అచ్చులు ఆనాటి మొత్తం నాణేలలో 60కి 35 వంతు, అంటే సుమారు 58 శాతం ఉత్పత్తి చేశాయి. ఇంతవరకు వివాదం లేదు.

మొత్తం అచ్చులు ఎన్ని అని అడిగితే మాత్రం జవాబు మన ఊహను బట్టి మారుతుంది. అచ్చులన్నీ సమానంగా పనిచేశాయనుకుంటే మొత్తం సుమారు 69. కొన్ని మొదటిరోజే పగిలి, కొన్ని నెలలపాటు నిలిచి, అచ్చుల ఆయుష్షు చాలా అసమానంగా ఉందనుకునే ఎస్టీ మరో సూత్రం ప్రకారం 120. దొరికిన నాణేలు అవే, కనిపించిన అచ్చులు అవే. ఒంటరిగా కనిపించే అచ్చుల సంఖ్య కూడా ఈ రెండు ఊహలకూ దాదాపు సమానంగానే సరిపోతుంది. మొదటి ఊహ ప్రకారం అటువంటివి సుమారు 25 ఉండాలి, రెండవదాని ప్రకారం సుమారు 27. చేతిలోని సామగ్రి ఈ రెండింటిలో దేనినీ ఎంచుకోలేదు. ఎంచుకునేది పరిశోధకుడు.

ఇక్కడ తరచు జరిగే పొరపాటు ఒకటి ఉంది. అచ్చుకు సగటున ముప్పై వేల నాణేలు అనుకుని గుణిస్తే మొదటి లెక్క ప్రకారం 20.7 లక్షల నాణేలు, రెండవదాని ప్రకారం 36 లక్షలు వస్తాయి. నిజానికి రెండు ఊహలూ ఒక విషయంలో ఏకీభవిస్తాయి. చూసిన నలభై అచ్చులు చేసినది 58 శాతం, చూడనివి చేసినది 42 శాతం. మొదటి ఊహలో ఆ 42 శాతం 29 అచ్చుల పని, రెండవ ఊహలో అదే 42 శాతం 80 అచ్చుల పని. రెండవ ఊహలో అదనంగా చేరిన అచ్చులు ప్రధానంగా త్వరగా పగిలిపోయినవే. పుట్టిన వెంటనే పోయిన అచ్చుకు నిండు ఆయుష్షు లెక్కగట్టి గుణించడం వల్లనే లక్షల నాణేలు అదనంగా పుట్టుకొచ్చాయి. అచ్చుల సంఖ్యకు ఒక ఊహనూ, సగటు ఉత్పత్తికి వేరొక ఊహనూ వాడకూడదన్నది ప్రాథమిక సూత్రం. ఎస్టీ స్వయంగా సమానోత్పత్తి అచ్చులతో తూగే సంఖ్య అన్న భావనను ప్రతిపాదించింది ఇందుకే. ఆయన సూత్రాన్ని ఉదాహరించేవారు చాలామంది, ఆ జాగ్రత్తను ఉదాహరించేవారు కొద్దిమంది.

5. ముప్పై వేలు

ముప్పై వేలన్న అంకె మైకేల్ క్రాఫర్డ్‌ది. 1974లో వెలువడిన ఆయన రెండు సంపుటాల 'రోమన్ రిపబ్లికన్ కాయినేజ్' ఈ రంగంలో నేటికీ ప్రామాణికం. రిపబ్లిక్ కాలపు ప్రతి నాణెం రకానికి ఆయన ఇచ్చిన సంఖ్యతోనే ప్రపంచమంతటా ఆ నాణెం ప్రస్తావించబడుతుంది. అందులో ఆయన ప్రతి రకానికీ అచ్చుల సంఖ్యను అంచనా వేశాడు. అచ్చులు లెక్కపెట్టగలిగిన కొన్ని రకాలను కొలబద్దగా తీసుకుని, నిధులలో వివిధ రకాలు ఎంత నిష్పత్తిలో దొరికాయో చూసి, మిగిలినవాటికి విస్తరించాడు. ఒక బొమ్మ అచ్చుకు 30,000 నాణేలన్న గుణకంతో రాజ్యవ్యయాన్ని లెక్కగట్టాడు.

1980లో కీత్ హాప్కిన్స్ ఈ అంచనాలను ఆధారంగా తీసుకుని, క్రీ.పూ. 157 నుంచి 50 వరకు చెలామణిలోని రోమన్ వెండి సుమారు పదిరెట్లు పెరిగిందని ప్రసిద్ధమైన వాదం చేశాడు. పన్నులు, సుదూరవాణిజ్యం, సైన్యవ్యయం పరస్పరం ఎలా పెనవేసుకున్నాయన్న ఆయన సిద్ధాంతానికి ఆ వక్రరేఖ ఒక స్తంభం. రోమ్ ఆర్థికచరిత్ర గురించిన పాఠ్యపుస్తకాలలోకి అది వెళ్ళింది. ఆ రేఖ కింద ఉన్నది నిధుల నిష్పత్తి, దాని కింద కొన్ని రకాల అచ్చుల లెక్క, దాని కింద ఒక గుణకం. పై అంతస్తులో నివసించేవారికి పునాది కనిపించదు.

బట్రీ 1993, 1994లలో రాసిన రెండు వ్యాసాలు ఈ పునాదిని తవ్వాయి. రెండవ వ్యాసం శీర్షికలోనే ప్రాచీన నాణేల ఉత్పత్తిని లెక్కించడం అసాధ్యమని ప్రకటించాడు. ఆయన ఆక్షేపణలో బలమైనది ఇది: అచ్చు ఎన్ని నాణేలు కొట్టగలదు అన్నది ఒక ప్రశ్న, ఎన్ని కొట్టింది అన్నది వేరొక ప్రశ్న. కావలసిన వెండి అయిపోతే మంచి అచ్చును కూడా పక్కన పెడతారు. సామర్థ్యం నుంచి వాస్తవాన్ని రాబట్టలేము. 1963లో డేవిడ్ సెల్‌వుడ్ ప్రాచీనపద్ధతిలో స్వయంగా నాణేలు కొట్టి చూసినప్పుడు అచ్చు పదివేల పైచిలుకు దెబ్బలకు నిలిచింది. అది కూడా సామర్థ్యానికి సంబంధించిన కొలతే.

వాస్తవాన్ని ఇచ్చే ప్రాచీన సాక్ష్యం ప్రధానంగా డెల్ఫీలో దొరికింది. అది రోమన్‌ది కాదు, గ్రీకు. క్రీ.పూ. 336 ప్రాంతంలో అక్కడి మండలి వేయించిన నాణేలకు ఎంత వెండి వాడారో శాసనాలలో ఉంది. అచ్చులు లెక్కపెట్టి భాగించగా అచ్చుకు సుమారు 23 వేల నుంచి 47 వేల దాకా అన్న వ్యాప్తి వచ్చింది. ముప్పై వేలకు ఇది దన్నుగా కనిపిస్తుంది గానీ, వ్యాప్తి పై అంచు కింది అంచుకు రెట్టింపు అని మరువకూడదు. ఒక మతసంస్థ ఒకసారి వేయించిన నాణేల సగటును, యుద్ధాల మధ్య అత్యవసరంగా సైనికుల జీతాలకు వెండి కరిగించిన రోమ్‌కు అన్వయించడానికి మనకు ధైర్యం తప్ప వేరే ఆధారం లేదు.

1995లో ఫ్రాంస్వా ద కలటాయ్ బట్రీకి జవాబిస్తూ సమతూకం కోసం ప్రయత్నించాడు. మధ్యయుగపు టంకశాలల లెక్కల పుస్తకాలలో అచ్చుకు వేల, పదివేల నాణేలు రావడాన్ని చూపి, కచ్చితమైన అంకె అసాధ్యమైనా స్థాయిని గుర్తించవచ్చునని వాదించాడు.

ఈ వివాదంలో బట్రీ పక్షం పూర్తిగా వహించడం కష్టం. ఆయన వాదం సంపూర్ణసంఖ్యలపై నెగ్గుతుంది, నిష్పత్తులపై నెగ్గదు. రెండు సంవత్సరాల ఉత్పత్తిని పోల్చేటప్పుడు గుణకం రెండువైపులా ఉంటుంది గనుక కొట్టుకుపోతుంది. ముప్పై వేలైనా పది వేలైనా పదిరెట్ల పెరుగుదల పదిరెట్లే. అయితే ఆ నూరేళ్ళలో సగటు మారలేదన్నది ఇందుకు షరతు. యుద్ధం ముంచుకొచ్చిన ఏడాదిలో అచ్చులను పగిలేదాకా వాడి, శాంతికాలంలో అధికారి మారగానే పక్కన పెట్టి ఉంటే సగటు ఏడాదికేడాది మారుతుంది. హాప్కిన్స్ రేఖను కొట్టివేయనక్కరలేదు. దాని మందాన్ని పెంచి గీయాలి. ఆర్థికచరిత్రకారులు రేఖను తీసుకున్నారు, మందాన్ని నాణేశాస్త్రజ్ఞులకు వదిలేశారు.

క్రాఫర్డ్ విస్తరణ పద్ధతికి బదులు ఇప్పుడు అసలు లెక్క వస్తున్నది. రిచర్డ్ షేఫర్ అనే పరిశోధకుడు దశాబ్దాలుగా వేలంపాటల జాబితాల నుంచి, మ్యూజియంల నుంచి రిపబ్లిక్ నాణేల చిత్రాలు సేకరించి, కత్తిరించి, అచ్చు వారీగా అతికించి పుస్తకాలు కట్టాడు. చిత్రాల సంఖ్య లక్షలలో ఉంది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాటిని అంతర్జాలంలో ఉంచింది. వేమన పద్యాల ప్రతులు తెప్పించి పండితులచేత పక్కపక్కన పెట్టి చూపించిన సి. పి. బ్రౌన్ ఓపిక దీనిని చూసినప్పుడు గుర్తుకొస్తుంది. కంప్యూటరుచేత చిత్రాలను పోల్పించి గుంపులు చేయించే ప్రయత్నాలూ సాగుతున్నాయి. అరిగిన నాణేల దగ్గర చివరిమాట ఇంకా కంటిదే.

ఈ సంపదకు ఒక లోటు ఉంది. వేలానికి వచ్చే నాణేలలో అందమైనవి, అరుదైనవి ఎక్కువ. అతి సాధారణమైన అచ్చు నుంచి వచ్చిన అరిగిన నాణేన్ని ఎవరూ ఫొటో తీయరు. ఎస్టీ సూత్రాలన్నీ నాణేలు యాదృచ్ఛికంగా చేతికి వచ్చాయన్న షరతు మీద పనిచేస్తాయి. వేలం జాబితాలో చాలా నాణేలకు దొరికిన చోటు కూడా నమోదు కాదు. చాల్‌గ్రోవ్‌లో కుండ చేసిన సాయం వీటికి అందదు.

6. తెలుగునేల నిధులకు అన్వయం

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో 1531 రోమన్ వెండి దెనారియస్‌లున్న నిధి దొరికింది. పరమేశ్వరీలాల్ గుప్త 1965లో ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేలపై ప్రకటించిన గ్రంథం ఈ విషయంలో ఆధారగ్రంథం. దక్షిణభారతంలోని తొలికాలపు వెండి నిధులలో రెండు రకాలు మెండు. ఒకటి అగస్టస్ మనుమలు గాయస్, లూసియస్ డాళ్ళతో నిలుచున్న రకం, క్రీ.పూ. 2 నుంచి లుగ్దునుమ్‌లో, అంటే నేటి ఫ్రాన్సులోని లియాన్‌లో వేసినది. రెండవది టైబీరియస్ కాలపు, ఆసనంపై కూర్చున్న స్త్రీమూర్తి రకం.

ఇవి ఎప్పుడు, ఎలా వచ్చాయన్నది తెగని ప్రశ్న. అగస్టస్ నాణెం అగస్టస్ కాలంలోనే వచ్చిందనడానికి లేదు. క్రీ.శ. 64లో నీరో దెనారియస్ బరువునూ వెండిపాళ్ళనూ తగ్గించిన తరువాత, పాత మంచి నాణేలను ఏరి భారతదేశానికి ఎగుమతి చేశారన్న వాదం బలంగా ఉంది. సాతవాహనుల కాలపు వాణిజ్యం ఉచ్చదశను మనం ఏ దశాబ్దాలలో పెడతామన్నది దీనిపై ఆధారపడుతుంది.

ఇక్కడ అచ్చుసామ్యం ఒక పరీక్షను అందించగలదు. టంకశాల నుంచి సంచీగా బయలుదేరి నేరుగా ఓడ ఎక్కిన నాణేలలో ఒకే అచ్చువి గుంపులుగా ఉండే అవకాశం ఎక్కువ. యాభై ఏళ్ళు సామ్రాజ్యమంతా తిరిగి కలగాపులగమైన రాశి నుంచి ఏరినవైతే ఆ గుంపులు చెదిరిపోతాయి. కానీ ఈ పరీక్షను తొందరపడి ప్రయోగించరాదు. గాయస్–లూసియస్ రకం అపారంగా వేసినది. అచ్చులు విస్తారంగా ఉన్నప్పుడు నేరుగా వచ్చిన సంచీలో కూడా ఒకే అచ్చు జతలు తక్కువగానే కనిపిస్తాయి. సామ్యం లేకపోవడం దేనికీ సాక్ష్యం కాదు. సామ్యం ఉంటే మాత్రం, అదీ అరుగుదల తక్కువ ఉన్న నాణేలలో ఉంటే, దానికి జవాబు చెప్పక తప్పదు.

మన నాణేశాస్త్రానికి లెక్కల సంప్రదాయం కొత్త కాదు. దామోదర్ ధర్మానంద్ కోశాంబి 1940లలోనే విద్ధాంక నాణేల బరువులు తూచి, చెలామణిలో అరిగిన తీరును గణాంకశాస్త్రంతో వివరించాడు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో దొరికిన 13 వేలకు పైబడిన నహపాణుడి వెండి నాణేలలో తొమ్మిది వేలకు పైగా గౌతమీపుత్ర శాతకర్ణి తిరిగి తన ముద్ర వేయించినవి. పాత ముద్రపై కొత్త ముద్ర పడినప్పుడు ముందు వెనుకలకు గొలుసూ అక్కరలేదు, సూత్రమూ అక్కరలేదు.

అక్కనపల్లె వంటి నిధిని అచ్చు వారీగా చదవాలంటే ముందుగా కావలసినది ప్రతి నాణేనికీ బొమ్మ, బొరుసు రెండూ స్పష్టంగా కనిపించే చిత్రం, బరువు, అరుగుదల వివరం, ఉలిగాటు ఉంటే దాని చోటు. మ్యూజియం జాబితాలు సంప్రదాయికంగా చక్రవర్తి, రకం అన్న వరుసలో ఉంటాయి. ఒక రకానికి ఒకటి రెండు మంచి నాణేలను చిత్రించి మిగిలినవాటిని సంఖ్యగా చెప్పడం ఆ పద్ధతిలో సహజం. రకాన్ని తెలుసుకోవడానికి అది చాలు. అచ్చును తెలుసుకోవడానికి ఆ 'మిగిలినవి' కావాలి. ఉలిగాట్ల సంగతీ అంతే. తమిళనాడులో పుదుక్కోట్టై వద్ద 1898లో దొరికిన 501 రోమన్ బంగారు నాణేలలో అత్యధికభాగం చక్రవర్తి ముఖంపై ఉలితో గాటు పెట్టినవి. ఒకే అచ్చువైన రెండు నాణేలలో ఒకదానికి గాటు ఉండి ఇంకొకదానికి లేకపోతే, గాటు పడింది ఇక్కడికి వచ్చాక అని చెప్పడానికి ఒక చిన్న ఆధారం చిక్కుతుంది.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఆశించదగినది అనుకరణ నాణేల విషయంలో. రోమన్ బొమ్మను చూసి భారతదేశంలోనే చేసిన నాణేలు చాలాచోట్ల దొరికాయి. వాటిలో లాటిన్ అక్షరాలు అర్థంలేని గీతలుగా మారిపోయి ఉంటాయి. ఈ అచ్చులు లక్షల నాణేలు కొట్టినవి కావు, చిన్న పనిశాలలవి. అందువల్ల వేర్వేరు చోట్ల దొరికిన రెండు అనుకరణలు ఒకే అచ్చువని తేలే అవకాశం అసలైన రోమన్ నాణేలకంటే ఎక్కువ. తేలినప్పుడు దాని అర్థం కూడా సూటిగా ఉంటుంది. లుగ్దునుమ్‌లో ఎన్ని దాగళ్ళు ఉండేవో తేల్చడానికి మనకు ఐరోపా మ్యూజియంల సహాయం కావాలి. టైబీరియస్ ముఖాన్ని చూసి చెక్కిన, లాటిన్ చదవలేని ఒక దక్షిణాది కంసాలి చేతిపని రెండు ఊళ్ళ నిధులలో కనిపిస్తే దానిని గుర్తించడానికి కావలసిన నాణేలు మన బీరువాలలోనే ఉన్నాయి.